పాలు లేని పాల తేయాకు

పాల ఊలాంగ్ అను పేరుగల తేయాకు ఒకటి కలదు. అది తైవాన్ ద్వీపమున పుట్టినది. ఇప్పుడు మన దేశపు పెద్ద పట్టణములలోని తేయాకు దుకాణములందు గూడ పొట్లములుగా దొరకుచున్నది. దాని నీరు లేత పసుపు వన్నెతో, అడుగు కనబడునంత తేటగా ఉండును. అందు పాలు బొట్టైనను ఉండవు. అయినను గిన్నె నోటికడకు వచ్చుసరికి, కాచి చల్లార్చిన పాలమీద కట్టిన మీగడవంటి వాసన ముక్కునకు సోకును. మొదట ఏదో పూవు వాసనయని తోచును. గ్రుక్కెడు త్రాగిన పిమ్మట మీగడ తెలియును. మ్రింగిన తరువాత గొంతులో సన్నని తీపి కొంతసేపు నిలుచును.

మన యిండ్లలో తేనీరనగా నల్లగా మరిగిన డికాక్షనులో పాలును చక్కెరయు కలిపినదే. అట్టి మనకు పాలు పోయకయే పాలవాసన యెట్లు వచ్చునను సందేహము కలుగుట సహజము. ఈ సందేహమునకు సరియైన సమాధానము తెలియనివారు పెక్కుమంది యుండుటచేతనే ఈ పేరుతో వేరు సరకు కూడ విరివిగా అమ్ముడుపోవుచున్నది. కావున ఆ వాసన యెక్కడ పుట్టుచున్నదో, దానిని ఎవరు పుట్టించిరో, నిజమైనదానిని ఎట్లు గుర్తింపవచ్చునో మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరించెదము.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. 'తేయాకు' అను మన మాటలో ఆకు మనదే గాని 'తే' మనది కాదు. చీనా దేశపు ఫుజియన్ రాష్ట్రమునకు దక్షిణ భాగమందును, సముద్రమున కావల నున్న తైవాన్ ద్వీపమందును జనులు మాటలాడు మిన్నాన్ భాషలో ఈ మొక్కను 'తే' అందురు. చీనాలోని తక్కిన ప్రాంతములలో పెక్కుచోట్ల 'చా' అందురు. ఫుజియన్ తీరపు వర్తకులతో వ్యవహరించిన డచ్చివారి మూలమున 'తే' ఐరోపాకు పోయి ఇంగ్లీషున 'టీ' ఆయెను. 'చా' వేరుదారుల వచ్చి హిందూస్థానీలో 'చాయ్' ఆయెను. మన చుట్టునున్న భాషలను చూడుడు: తమిళులు 'తేయిలై' అందురు, కన్నడిగులును మహారాష్ట్రులును 'చహా' అందురు, ఒడియావారు 'చా' అందురు. ఒకే వీథిలో రెండు మూడు భాషలు వినుచు పెరుగు మన పిల్లలు చీనా దేశపు రెండు పలుకులను ప్రతిదినము వినుచునే యున్నారన్నమాట. మన తేయాకులోని 'తే' యు, పాల ఊలాంగును పండించు తైవాన్ రైతు నోటి 'తే' యు ఒక్కటే.

ఇక ఊలాంగ్ అనగా నేమి? చీనా భాషలో ఆ మాటకు నల్లని డ్రాగను అని అర్థము. పచ్చ తేయాకు, ఊలాంగు, మనము వాడు నల్ల తేయాకు వేరువేరు మొక్కలనుండి వచ్చునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. మూడును ఒకే జాతి మొక్క ఆకులు. కోసిన తరువాత ఆకునకు జరుగు మార్పునుబట్టి పేరు మారును. ఆకును నలిపినపుడు దానిలోని ఎంజైములు గాలిలోని ఆమ్లజనితో కలిసి ఆకును ఎఱ్ఱబరచును. కోసిన వంకాయ ముక్క కొంతసేపటికి నల్లబడుట ఇట్టిదే. కోసిన వెంటనే వేడి తగిలించి ఆ మార్పును ఆపివేసినచో పచ్చ తేయాకు. పూర్తిగా జరుగనిచ్చినచో నల్ల తేయాకు. నడుమ ఒకచోట ఆపినచో ఊలాంగు. ఆ 'ఒకచోట' ఎక్కడ అనునదియే ఈ విద్య యంతయు. కొన్ని ఊలాంగులు పచ్చ తేయాకునకు దగ్గరగా ఉండును, కొన్ని నల్లదానికి దగ్గరగా ఉండును. పాల ఊలాంగు సాధారణముగా పచ్చవైపున ఉండునది.

ఈ విద్య ఫుజియన్ నుండి తైవానుకు పోయినది. నడుమనున్న జలసంధి మిక్కిలి సన్నగా నున్నచోట సుమారు 130 కిలోమీటర్ల వెడల్పు. ఫుజియన్ రైతులు తరతరములుగా దానిని దాటి పోయి తైవానులో కాపురములు పెట్టుచు తమ భాషతో పాటు తమ మొక్కలను గూడ కొనిపోయిరి. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగము దాటిన పిమ్మట జాన్ డాడ్ అను ఆంగ్ల వర్తకుడు ఫుజియన్‌లోని అన్‌షీ ప్రాంతమునుండి మొక్కలు తెప్పించి, ఉత్తర తైవాన్ రైతులచేత నాటించి, 1869 లో రెండు ఓడలమీద ఊలాంగును న్యూయార్కుకు పంపెను. అప్పుడు తైవానును ఐరోపావారు ఫార్మోసా అని పిలుచుచుండిరి. పోర్చుగీసు భాషలో ఆ మాటకు అందమైనది అని అర్థము. ఫార్మోసా ఊలాంగ్ అను పేరు అమెరికాలో అప్పటినుండి ప్రసిద్ధి కెక్కెను. అయితే ఆనాటి ఊలాంగునకు పాలవాసన లేదు. అది తరువాతి కథ.

ఆ వాసనగల మొక్కను మనుష్యులు పనిగట్టుకొని పెంచిరి. తావ్‌యువాన్ ప్రాంతములోని తైవాన్ తేయాకు పరిశోధన కేంద్రమున రెండు రకములను సంకరము చేయగా వచ్చిన మొక్కలను ఏండ్ల తరబడి పరీక్షించిరి. తేయాకు పొద విత్తునుండి మొలచి కోతకు వచ్చుటకే కొన్ని యేండ్లు పట్టును. అటుపై దాని దిగుబడి, తెగుళ్లకు ఓర్పు, ఆకు రుచి ఏటేట చూడవలెను. కావున ఈ పనిలో ఒక మనుష్యుని ఉద్యోగకాలమంతయు గడచిపోవుట వింత కాదు. పరీక్షలో నిలిచిన పొదలలో ఒకదాని సంఖ్య 2027. వూ జెన్‌దువో అను శాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున 1981 లో దానిని తైవాన్ తేయాకు 12 వ నంబరుగా రైతులకు విడుదల చేసిరి. దానికి జిన్ షువాన్ అని పేరు పెట్టిరి. అది ఆయన అవ్వగారి పేరని చెప్పుదురు. జిన్ అనగా బంగారము. షువాన్ అనునది ఒక పూలమొక్క, చీనావారు దానిని తల్లికి గుర్తుగా భావింతురు. పేరు ఇంత అందముగా నున్నను, పాతకాలపు తైవాన్ రైతులు నేటికిని ఆ పొదను సంఖ్యతోనే 'ఇరువదియేడు' అని పిలుచుట కలదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. జిన్ షువాన్ గింజను నాటినచో జిన్ షువాన్ రాదు. మామిడిటెంక నాటినచో తల్లి చెట్టు పండే వచ్చునను నమ్మకము లేనట్లే ఇదియు. బంగినపల్లిని అంటుకట్టి నిలుపుకొన్నట్లు, జిన్ షువానును కొమ్మ ముక్కలను వేరు పట్టించి నిలుపుకొనుచున్నారు. నేడు లోకమున ఉన్న జిన్ షువాన్ పొదలన్నియు ఆ ఒక్క పొదయొక్క కొమ్మలే యనవచ్చును.

రైతులు దీనిని ఆదరించుటకు మొదటి కారణము పాలవాసన కాదు. దీని ఆకు దళసరిగా ఉండును, దిగుబడి అధికము, తెగుళ్లను ఓర్చుకొనును, కొండమీదను, పల్లమునను పెరుగును. తైవానువారు మిక్కిలి గౌరవించు పాత రకము చింగ్ షిన్ అనునది. దాని సువాసన మరింత సున్నితమనియు, రుచి మరింత లోతైనదనియు అక్కడి నేర్పరుల తీర్పు. మా అభిప్రాయమును అదియే. కాని చింగ్ షిన్ సుకుమారమైన మొక్క; దాని ధర సామాన్యునికి భారము. జిన్ షువాన్ రైతునకు కూడును, త్రాగువానికి తక్కువ ధరలో మంచి తేయాకును ఇచ్చినది. అలీషాన్ కొండలలో 1,000 మీటర్లకు పైబడిన ఎత్తున పండినది ముఖ్యముగా పేరు పొందినది. అక్కడ మధ్యాహ్నము కాగానే మంచు క్రమ్మును, ఎండ తగ్గును, ఆకు నెమ్మదిగా పెరుగును. అట్టి ఆకులో చేదును వగరును తక్కువ, మృదుత్వము అధికము.

ఈ పొద తైవానులోనే నిలిచిపోలేదు. చీనా అంతర్యుద్ధము ముగిసిన తరువాత యున్నాన్ రాష్ట్రమునుండి బర్మా మీదుగా వచ్చిన చీనా సైనికులును వారి కుటుంబములును థాయ్‌లాండు ఉత్తర సరిహద్దున మే సలాంగ్ అను కొండయూర స్థిరపడిరి. ఆ ప్రాంతమున ఒకప్పుడు నల్లమందు పంట ఉండెడిది. తరువాత దాని స్థానమున తేయాకు వచ్చినది. జిన్ షువాన్ కొమ్మలు తైవానునుండి అక్కడకు చేరి నేడు ఆ కొండవాలులను కప్పియున్నవి. అక్కడి దుకాణములలో దానిని 12 వ నంబరు ఊలాంగ్ అనియే అమ్ముదురు.

పొద మంచిదైనంతమాత్రమున వాసన రాదు. పొదమీది పచ్చి ఆకును కోసి వాసన చూచినచో గడ్డివాసన తప్ప మరేమియు ఉండదు. మొగ్గతో కూడ రెండు మూడు ఆకులు కోసి, ముందుగా వాటిని గుడ్డలమీద పరచి లేత యెండలో వాడనిత్తురు. ఆకు మెఱుపు తగ్గి మెత్తబడిన తరువాత లోపలికి తెచ్చి వెదురు చాటలలో పలుచగా పోసి ఆరనిత్తురు. అటుపిమ్మట అసలు పని మొదలగును. గంటకో రెండు గంటలకో ఒకమారు ఆ ఆకును చేతులతో ఎత్తి పోయుచు, లేక వెదురు పీపాలో వేసి త్రిప్పుచు, అంచులు మాత్రము ఒరసికొని నలుగునట్లు చేయుదురు. మరల కదలింపక ఉంచుదురు, మరల కదలింతురు. ఈ పని తరచుగా రాత్రియంతయు సాగును. గడియారము దీనికి చాలదు. గాలిలోని తేమ, ఆనాటి యెండ, ఆకు ముదురుతనము అన్నియు లెక్కకు రావలెను. పనివాడు మాటిమాటికి గుప్పెడు ఆకు ముక్కుకడకు తెచ్చుకొనుచుండును. పచ్చిగడ్డి వాసన పోయి పూలవాసన వచ్చినదని ముక్కు చెప్పినపుడే వేడిపీపాలో వేసి మార్పును ఆపును. గంట ముందైనచో పచ్చివాసన మిగిలిపోవును. ఆలస్యమైనచో సువాసన పోయి ఆకు మ్రగ్గును.

తరువాత ఆకును గుడ్డలో మూటగట్టి బంతివలె బిగించి దొర్లింతురు, విప్పుదురు, కొంచెము వేడిచేసి మరల బిగింతురు. ఇట్లు అనేక పర్యాయములు చేయగా ఒక్కొక్క చిగురు ముడుచుకొని చిన్న గుండువలె అగును. చివరకు ఆరబెట్టుదురు. సుమారు 4 లేక 5 కిలోల పచ్చి ఆకునకు ఒక కిలో తేయాకు మిగులును.

ఆకును గాయపరచినపుడు సువాసన ఎందుకు పుట్టవలెను? కోసిన గడ్డి ఘాటుగా వాసన వేయుట మన మెరిగినదే. గాయపడిన ఆకు తన లోపల అనేక ద్రవ్యములను క్రొత్తగా తయారుచేయును. ఊలాంగు పనిలో ఆకు ఇంకను బ్రతికియుండగానే దానిని మాటిమాటికి నలుపుటచేత ఈ తయారీ గంటల తరబడి సాగును. ఇట్లు పుట్టువానిలో నెరొలిడాల్, ఇండోల్, జాస్మిన్ లాక్టోను అనునవి ముఖ్యమైనవి. ఇండోల్ మల్లెపూలలో కూడ కలదు. లాక్టోనులనునవి ఒక పెద్ద కుటుంబము. వెన్నకును మీగడకును నేతికిని గల కమ్మని వాసనలో ఆ కుటుంబమువారి పాలు చాల గలదు. అన్ని ఊలాంగులలోను ఇట్టి ద్రవ్యములు ఉండును. వాని పాళ్లు మాత్రము రకమునుబట్టి మారును. జిన్ షువానులో ఆ కలయిక మన ముక్కునకు మీగడను జ్ఞప్తికి తెచ్చునట్లు కుదిరినది. ఏదో ఒక్క ద్రవ్యము పాలవాసన వేయుచున్నదనుకొనుట కంటె, అనేక వాద్యములు కలిసి ఒక రాగము పలికినట్లు అనుకొనుట మేలు.

'పాల రుచి' అని మనము అందుము గాని అది నాలుకకు తెలియునది కాదు. నాలుకకు తెలిసిన ముఖ్య రుచులు తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసము పుట్టగొడుగులవంటి వానిలోని కమ్మదనము, ఈ అయిదే. తక్కినదంతయు ముక్కు పని. ఆహారము నోటిలో ఉన్నపుడు దాని ఆవిరి అంగిలి వెనుకనుండి ముక్కులోనికి ఎక్కును. మెదడు ఆ వాసనను నాలుక రుచితో జోడించి ఒక్కటిగా చూపును. దీనిని పిల్లలు ఇంట్లోనే పరీక్షింపవచ్చును. ముక్కు గట్టిగా మూసికొని, ఏలకుల పొడి కలిపిన చక్కెర చిటికెడు నాలుకపై వేసికొనుడు. తీపి తప్ప మరేమియు తెలియదు. ఇప్పుడు ముక్కు వదలుడు. ఏలకులు ఒక్కసారిగా ప్రత్యక్షమగును. పాల ఊలాంగును గూడ ముక్కు మూసికొని త్రాగినచో పాలు మాయమగును. మిగులునది కొంచెము తీపి, కొంచెము వగరు, నాలుకపై నున్నని స్పర్శ.

ఇక నకిలీల సంగతి. ఈ తేయాకు పేరు పొందిన కొలది దానిని గూర్చి కథలు పుట్టినవి. పొదలకు పాలు పోసి పెంచుదురని కొందరు, ఆకును పాల ఆవిరిలో ఉడికింతురని కొందరు, చంద్రుడు ఒక తోకచుక్కను ప్రేమించినందున ఆ రాత్రి తోటలన్నిటికి పాలవాసన పట్టెనని మరికొందరు చెప్పుదురు. చంద్రుని కథ వినుటకు బాగుగనే యున్నది. కాని వేరునకు పోసిన పాలు మట్టిలో పులిసిపోవునే గాని ఆకులోనికి ఎక్కవు.

కథలవలన నష్టము లేదు. సరకు విషయము వేరు. నిజమైన జిన్ షువానులో పాలవాసన సన్ననిది. దానికై వెదకవలెను, ఒక్కొక్కప్పుడు మొదటిసారి త్రాగువానికి అది చిక్కదు. పేరునుబట్టి పాలకోవా వాసనను ఆశించి కొన్నవారు నిరాశపడిరి. వారి ఆశకు తగిన సరకును వర్తకులు తయారుచేసిరి. ఏదో చౌక ఊలాంగును తీసికొని దానిపై పాలు, వెన్న, వనిల్లావంటి కృత్రిమ పరిమళమును చల్లినచో చాలును. లోకమున పాల ఊలాంగ్ పేరుతో అమ్ముడుపోవు సరకులో ఇట్టిది చాల కలదు. పేరు మొదట తేయాకును పొగడుటకు వచ్చినది. చివరకు ఆ పేరునకు సరిపోవుటకు తేయాకునే మార్చవలసి వచ్చినది. రాత్రియంతయు మేలుకొని ఆకును కదలించిన పనివాని సన్నని సువాసన, సీసాలోని ఘాటు పరిమళము ప్రక్కన వెలవెల బోయినట్లు కొనువానికి తోచుట మాకు విచారకరముగా కనబడుచున్నది.

పరిమళము కలుపుట నేరమని మేము అనుట లేదు. మనము ఏలకులు, అల్లము వేసి కాచుకొనుట లేదా? కలిపినమాట చెప్పి అమ్మవలెను, అంతే. మన దేశమున కూడ పరిమళము చేర్చిన తేయాకు పొట్లముపై ఆ సంగతి వ్రాయవలెనను నియమము కలదు. కావున కొనువారు ముందుగా పొట్లము వెనుకనున్న చిన్న అక్షరములను చదువవలెను. అక్కడ తెలియనిచో ఆకే చెప్పును. పొట్లము విప్పగానే మిఠాయి దుకాణము తలుపు తెరచినట్లు వాసన కొట్టినచో అది చేర్చినది. నిజమైన ఎండుటాకు అంతగా వాసన వేయదు. వేడినీరు తగిలిన తరువాతనే విచ్చుకొనును. చల్లిన పరిమళము మొదటి నీటిలో ఉధృతముగా వచ్చి, రెండవ మూడవ నీళ్లకు కడుగుకొనిపోవును. అప్పుడు క్రింద దాగిన చౌక ఆకు రుచి బయటపడును. జిన్ షువాన్ రెండవ నీటిలో మొదటిదానికంటె బాగుండుట కలదు.

దీనిలో పాలు పోయవచ్చునా అని మన పెద్దలు అడుగుదురు. పోసినచో ఆ సన్నని వాసన మునిగిపోవును, చక్కెరకును అంతే. మన తేయాకు సంగతి వేరు. మనము వాడు గుండ తేయాకు ఎక్కువగా యంత్రములతో చిదిమి, చించి, ఉండలు కట్టించి చేసినది. శ్రీకాకుళము, విశాఖపట్నము, గంజాము ప్రాంతముల తెలుగువారు ఎందరో కూలికి పోయిన అస్సాము తోటలలోనే ఆ పద్ధతి పుట్టినది. అట్టి ఆకు త్వరగా దిగును, రంగు చిక్కన, వగరు అధికము. ఆ వగరును పాలలోని మాంసకృత్తులు పట్టుకొని మెత్తబరచును. కనుక మన తేనీటికి పాలు అవసరము. ఊలాంగునకు ఆ వగరే లేదు. రెండింటిలో ఏది గొప్పయని వాదించుటకంటె, రెండు వేరు పానీయములని తెలిసికొనుట సుఖము. అయితే దీనిలోను కెఫీను ఉండును గనుక చిన్నపిల్లలకు వలదు. పెద్దవారును రాత్రి పొద్దుపోయిన తరువాత త్రాగకుండుట మంచిది.

కాచు విధము సులభము. తేయాకును నీటిలో వేసి మరిగింపరాదు. 150 మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాముల ఆకు, అనగా చెంచాడు గుండ్లు చాలును. పింగాణి పాత్రను ముందు వేడినీటితో తొలిచి, ఆకు వేసి, మరిగి ఒక్క నిమిషము దిగిన నీటిని పోసి మూతపెట్టవలెను. అయిదు నిమిషములకు వడగట్టి త్రాగవచ్చును. చిన్న పాత్రలో ఎక్కువ ఆకు వేసి, ఒక్కొక్క నిమిషము చొప్పున నాలుగైదు మారులు నీరు పోసికొనుట తైవానువారి వాడుక. త్రాగిన తరువాత ఖాళీ గిన్నెను వాసన చూచుట గూడ వారికి కలదు. మీగడవాసన అక్కడ మిక్కిలి స్పష్టముగా తెలియును.

చివరి నీరు వంచిన తరువాత ఆకును పారవేయక ఒక తెల్లని పళ్లెములో పరచి చూడవలెను. మిరియపు గింజలకంటె కొంచెము పెద్దవిగా నుండిన గుండ్లు విప్పుకొని, కాడతో కూడిన నిండు ఆకులుగా కనబడును. చేర్పు సరకులో తరచుగా తునుకలే యుండును. మంచి ఆకు మెత్తగా, దళసరిగా, నడుమ పచ్చగా ఉండును. అంచు చుట్టు మాత్రము, చేనేత చీరకు సన్నని జరీ అంచువలె, ఎఱ్ఱని గీత ఒకటి ఉండును. ఆ రాత్రి పనివాని చేతిలో ఆకు ఒరసికొన్న చోటది.